బిల్లు ఎక్కడిదాకా వచ్చిందట?

జర మంట దగ్గరికి జరగండి, చలి గట్టిగానే ఉంది. ఆకేరు వాగు మీదుగా వచ్చే ఈ గాలి సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర అయ్యేదాకా ఇట్లాగే ఉంటుంది. ఈ పూట మీతో అమెరికా చట్టసభ గురించి మాట్లాడాలని ఉంది. వర్ధన్నపేటలో కూర్చుని వాళ్ల చట్టసభతో మనకేం పని అనకండి. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు పట్టుకుని ఏ ఊళ్లోకి మళ్లినా, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకో కోడలో ఉన్న ఇల్లు ఒకటి కనబడుతుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర ఎంత పలికిందో అడిగినట్టే, వీసా సంగతి ఏమైందని అడిగే అమ్మానాన్నలు ఆ ఇళ్లలో ఉన్నారు. వాళ్లకు ఆ సభల మాటలు తెలియాలి. తెలియక పడిన ఆశలు, పోయిన నిద్రలు చాలా చూశాను.

2019 జులై 10న అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు 365 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డవి 65. దాని పేరు ఫెయిర్‌నెస్ ఫర్ హై స్కిల్డ్ ఇమ్మిగ్రెంట్స్ యాక్ట్, నంబరు హెచ్.ఆర్. 1044. తెల్లారేసరికి ఆ కబురు మన ఫోన్లన్నిటా తిరిగింది. "బిల్లు పాసైందట గద, ఇగ మా పిలగానికి గ్రీన్ కార్డు వచ్చినట్టేనా?" అని అడిగిన తల్లుల ముఖాల్లో వెలుగు నాకింకా గుర్తుంది. రాలేదమ్మా. ఆ బిల్లుతో అప్పుడూ రాలేదు, ఇప్పటికీ రాలేదు.

వాళ్ల ఆశలో తప్పేం లేదు. బిల్లు అంటే మనవాళ్ల కళ్లముందు మెదిలేది తెలంగాణ బిల్లు. 2014 జనవరి 30న హైదరాబాదులో శాసనసభ దాన్ని మూజువాణి ఓటుతో తిప్పి పంపింది. మూడో అధికరణ ప్రకారం శాసనసభది అభిప్రాయమే కాబట్టి బిల్లు ఆగలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన ఆ గంటన్నరలో మనమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. అక్కడా మూజువాణి ఓటే. 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి సంతకం, జూన్ 2న రాష్ట్రం. అరవై ఏళ్ల ఆరాటం పార్లమెంటులో మూడు రోజుల్లో తేలింది. అది చూసినవాళ్లం కనుక, ఒక సభలో బిల్లు నెగ్గిందంటే మిగతాది వారం పది రోజుల ముచ్చటే అనుకుంటాం. మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్న పార్టీయే ప్రభుత్వం. అది తలుచుకుంటే బిల్లు కదులుతుంది. అమెరికాలో ప్రభుత్వం వేరు, చట్టసభ వేరు. అధ్యక్షుడు చట్టసభలో కూర్చోడు, తన పేరు మీద బిల్లు పెట్టలేడు. బిల్లును మొదటి నుంచి చివరిదాకా మోసే నాథుడు ఒక్కడంటూ ఉండడు. మన పిల్లల బిల్లు పడ్డ పాట్లకు మూలం అదే.

ముందు ఆ బిల్లు ఎందుకు పుట్టిందో చెప్పుకుందాం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. ఇది 1990 నాటి చట్టం పెట్టిన లెక్క. భార్యాపిల్లలకు ఇచ్చేవి కూడా అందులోవే. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా అందులో 7 శాతం దాటకూడదని నియమం. 140 కోట్ల జనాభా ఉన్న మనకూ అంతే, మన వరంగల్ జిల్లా కన్నా చిన్నదైన దేశానికీ అంతే. వేరే దేశాలవాళ్లు వాడుకోగా మిగిలినవి కొన్ని మనవాళ్లకు వస్తాయి గానీ, వరుస ముందు అవి ఏ మూలకూ చాలవు. దరఖాస్తు తేదీని ప్రయారిటీ డేట్ అంటారు. ఆ తేదీ ఎప్పుడు ముందుకు జరుగుతుందా అని మన పిల్లలు నెలనెలా వీసా బులెటిన్ చూసుకుంటారు. తండ్రి వరుసలో ఉండగానే ఇక్కడి నుంచి చంకనెత్తుకుపోయిన పిల్లకు 21 ఏళ్లు నిండితే, ఆ పిల్ల తండ్రి దరఖాస్తు నుంచి జారిపోతుంది. ఆ బాధ పడుతున్న ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి. దేశాలవారీ 7 శాతం గీత చెరిపేసి, ముందు వచ్చినవాళ్లకు ముందు ఇవ్వాలన్నదే హెచ్.ఆర్. 1044 కోరింది. మొత్తం సంఖ్య పెంచమని అది అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక సభల్లోకి వెళదాం. కాంగ్రెస్ అని వాళ్లు పిలిచేది పార్లమెంటును. అందులో కింది సభ ప్రతినిధుల సభ, హౌస్ అంటారు. 435 మంది, రెండేళ్లకోసారి అందరికీ ఎన్నికలే. పైది సెనేట్, 100 మంది, ఆరేళ్ల పదవి, రెండేళ్లకోసారి మూడో వంతు సీట్లకు ఎన్నికలు. మన రాజ్యసభలో తెలంగాణకు 7, ఆంధ్రకు 11, ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లు. జనాన్ని బట్టి పంపకం. సెనేట్‌లో అట్లా కాదు. దాదాపు 4 కోట్ల మంది ఉండే కాలిఫోర్నియాకూ ఇద్దరే, 6 లక్షలైనా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. మన పిల్లలు గుంపుగా ఉండేది కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీల్లో. వాళ్ల బాధ హౌస్‌లో పలికినంతగా సెనేట్‌లో పలకకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రెండేళ్ల కాలాన్ని ఒక కాంగ్రెస్ అని లెక్కపెడతారు, దానికి నంబరు ఉంటుంది. 2019 జనవరి 3 నుంచి 2021 జనవరి 3 దాకా నడిచింది 116వ కాంగ్రెస్. హౌస్‌లో పుట్టిన బిల్లుకు హెచ్.ఆర్., సెనేట్‌లో పుట్టినదానికి ఎస్. అని ముందు తగిలిస్తారు. హౌస్‌లో బిల్లు పెట్టాలంటే ప్రసంగం కూడా అక్కర్లేదు. క్లర్కు బల్ల పక్కన హాపర్ అనే పెట్టె ఉంటుంది, సభ్యులు కాగితం తెచ్చి అందులో వేస్తారు. వేసినవారు స్పాన్సర్, తోడుగా సంతకం పెట్టినవాళ్లు కోస్పాన్సర్లు. మన బిల్లుకు స్పాన్సర్ కాలిఫోర్నియా డెమొక్రాట్ జో లోఫ్‌గ్రెన్. ఆమెకు తోడు నిలిచింది కొలరాడో రిపబ్లికన్ కెన్ బక్. రెండు పార్టీలవాళ్లూ కలిసి 300 మందికి పైగా కోస్పాన్సర్లుగా చేరారు. "అంతమంది సంతకం పెట్టారట" అని వచ్చే కబురుకు సంబరపడవచ్చు గానీ, కోస్పాన్సర్ సంతకం ఓటు కాదు.

పెట్టెలో పడ్డ బిల్లు కమిటీకి వెళుతుంది. వీసాల బిల్లులకు జ్యుడీషియరీ కమిటీ. అక్కడ వరుసవరుసగా చదివి, కొట్టేసి, చేర్చి దిద్దడాన్ని మార్కప్ అంటారు. చాలా బిల్లులు ఈ గడప దాటవు, కమిటీ అధ్యక్షుడు పట్టించుకోకపోతే అక్కడే పడి ఉంటాయి. మన వాట్సాప్‌లో "అమెరికాలో కొత్త బిల్లు, హెచ్1బీ ఉద్యోగ వీసా రద్దు" అని వచ్చి గుండెలు అదరగొట్టేవి దాదాపు అన్నీ హాపర్ పెట్టెలో పడినవే. ఒక సభ్యుడు పొద్దున్నే ఒక కాగితం వేశాడు, అంతవరకే నిజం. అందుకే బిల్లు కబురు రాగానే అది పెట్టెలో ఉందా, కమిటీలో ఉందా, సభలో ఉందా అని అడగండి. కాంగ్రెస్ డాట్ గవ్ అని వాళ్ల అధికారిక సైటు ఉంది. నంబరు కొడితే ప్రవేశపెట్టారు, హౌస్ దాటింది, సెనేట్ దాటింది, అధ్యక్షుడికి వెళ్లింది, చట్టమైంది అని వరుసగా మెట్లు చూపిస్తుంది, బిల్లు ఏ మెట్టు మీదుంటే అది మెరుస్తుంది. పదో తరగతి చదివే మనవరాలు మీకు చూపించగలదు.

హెచ్.ఆర్. 1044ను హౌస్‌లో సస్పెన్షన్ ఆఫ్ ది రూల్స్ అనే దారిలో నడిపారు. మామూలు నిబంధనలు పక్కనపెట్టి, చర్చ 40 నిమిషాలకు కుదించి, సవరణలు లేకుండా ఓటుకు పెడతారు. దానికి బదులుగా సగం చాలదు, మూడింట రెండు వంతులు కావాలి. 365 అంటే ఆ గీత కన్నా చాలా పైన. అంత బలం చూసి సెనేట్‌లో తిరుగుండదని అనుకున్నాం.

సెనేట్ సంగతే ఈ కబుర్లకు ప్రాణం. అక్కడ ఒక బిల్లును తొందరగా దాటించాలంటే యునానిమస్ కన్సెంట్ అడుగుతారు. ఆ దృశ్యం చూస్తే మీరు నమ్మరు. సభలో నూరు బల్లలున్నా మనుషులు ముగ్గురో నలుగురో. ఒక సెనేటర్ లేచి ఫలానా బిల్లు ఆమోదం పొందినట్టు భావించాలని కోరతాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లు "అభ్యంతరం ఉందా?" అని అడుగుతారు. ఎవరూ మాట్లాడకపోతే బిల్లు నెగ్గినట్టే. ఒక్కరు లేచి "అభ్యంతరం ఉంది" అంటే, ఆ రోజుకు అంతే సంగతులు. మన పల్లెల్లో సర్పంచ్ ఏకగ్రీవం ఎట్లాగో ఇదీ అట్లాగే. ఊరంతా ఒక మాట మీదున్నా, ఒక్కరు నామినేషన్ వేసి ఉపసంహరించుకోకపోతే పోలింగ్ తప్పదు. తేడా ఏమంటే, సర్పంచ్‌కు పోలింగ్ తేదీ ఖాయం. సెనేట్‌లో ఆ తేదీ ఇచ్చేది మెజారిటీ నాయకుడు, ఇస్తే ఇస్తాడు, లేకుంటే లేదు.

సెనేట్‌లో మన బిల్లు నంబరు ఎస్. 386. మోసినవాడు యూటా రిపబ్లికన్ మైక్ లీ. 2019లో ఆయన అడిగితే కెంటకీ సెనేటర్ రాండ్ పాల్ నర్సులకు నష్టమని అడ్డు చెప్పాడు. నర్సుల మాట సర్దారు. తర్వాత జార్జియా సెనేటర్ డేవిడ్ పెర్డ్యూ అడ్డుపడ్డాడు. ఆయన్నీ ఒప్పించారు. అక్టోబరులో ఇల్లినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్ లేచాడు. మొత్తం కార్డులు పెంచకుండా వరుస మాత్రం మారిస్తే వేరే దేశాలవాళ్లు వెనక్కి పోతారు కదా, అసలు సంఖ్యే పెంచుదాం అన్నది ఆయన వాదన. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆయన మాటలో న్యాయం లేదని నేననను. కానీ సంఖ్య పెంచే బిల్లుకు అటువైపు ఓట్లు లేవు, సంఖ్య పెంచని బిల్లుకు ఇటువైపు ఒప్పుకోలు లేదు. రెండింటి మధ్య మనవాళ్ల ఏళ్లు కరిగాయి. డర్బిన్‌తో రాజీ కుదిరాక 2020 ఆగస్టులో ఫ్లోరిడా సెనేటర్ రిక్ స్కాట్ అభ్యంతరం. చైనా కమ్యూనిస్టు పార్టీతో, సైన్యంతో సంబంధం ఉన్నవాళ్ల గురించి ఒక నిబంధన చేర్చాక ఆయనా తప్పుకున్నాడు. 2020 డిసెంబరు 2న ఎవరూ లేవలేదు. సెనేట్‌లో బిల్లు నెగ్గింది.

ఆ రాత్రి సంబరం ఇంతింత కాదు. రెండు సభలూ ఒప్పుకున్నాయి కదా, ఇంకేం కావాలి? కావలసింది ఇంకొకటి ఉంది. రెండు సభలూ ఒప్పుకున్నది అక్షరం పొల్లుపోకుండా ఒకే పాఠం అయి ఉండాలి. ఒక్కొక్క సెనేటర్‌ను ఒప్పించడానికి చేర్చిన నిబంధనలతో సెనేట్ పాఠం, హౌస్ పాఠం వేరైపోయాయి. ఇట్లాంటప్పుడు ఒక సభ రెండోదాని పాఠాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, లేదంటే రెండు సభల సభ్యులతో కాన్ఫరెన్స్ కమిటీ వేసి ఒక్కటి తయారుచేయాలి. సెనేట్ చేర్పులను హౌస్‌లో బిల్లు పెట్టినవాళ్లే ఒప్పుకోలేదు. నెల రోజుల టైమే మిగిలింది. 2021 జనవరి 3 మధ్యాహ్నం 116వ కాంగ్రెస్ ముగిసింది, దానితోపాటే బిల్లు కూడా. రెండు సభల్లోనూ నెగ్గి చచ్చిపోయిన బిల్లు అది.

మన దగ్గర ఇట్లాంటిది లేదనుకోకండి. మహిళా రిజర్వేషన్ బిల్లు 2010 మార్చి 9న రాజ్యసభలో నెగ్గి, లోక్‌సభలో ఓటుకే రాకుండా 2014లో సభ రద్దుతో రాలిపోయింది. మనకు అయిదేళ్లకోసారి వచ్చే ఆ గండం వాళ్లకు రెండేళ్లకోసారి. కొత్త కాంగ్రెస్‌లో కొత్త నంబరు, కొత్త కాగితం, మళ్లీ హాపర్ పెట్టె దగ్గరి నుంచి మొదలు. అందుకే మనవాళ్ల బిల్లు ఒకటి కాదు, ఒకే బిల్లు ఎన్నో జన్మలు. 2011 నవంబరు 29న హెచ్.ఆర్. 3012గా హౌస్‌లో 389-15తో నెగ్గింది. సెనేట్‌లో అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ హోల్డ్ పెట్టాడు. హోల్డ్ అంటే, యునానిమస్ కన్సెంట్ అడిగితే నేను ఒప్పుకోను సుమా అని నాయకుడికి ముందే కబురు పెట్టడం. ఆ కబురు చాలు, బిల్లు బల్ల మీదికే రాదు.

హోల్డ్‌ను కాదని ముందుకు పోవచ్చు, కానీ అప్పుడు ఫిలిబస్టర్‌ను దాటాలి. చర్చ ముగియనివ్వకుండా పట్టుకోవడమే ఫిలిబస్టర్. 1957లో పౌరహక్కుల బిల్లు మీద సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. ఇప్పుడు అంత కష్టపడి మాట్లాడే పని కూడా లేకుండా పోయింది, అడ్డు చెబుతామంటే చాలు. చర్చకు తెర దించే తీర్మానం క్లోచర్. దానికి 60 ఓట్లు కావాలి, 1975 నుంచి అదే లెక్క. నూరు మంది సభలో బిల్లు గెలవడానికి 51 చాలు, కదలడానికే 60 కావాలి. ఇది మైనారిటీకి రక్షణ అని వాళ్లలో చాలామంది అంటారు. రక్షణే కావచ్చు. ఓటు హక్కే లేని మన పిల్లల్లాంటి వాళ్ల విషయంలో మాత్రం ఆ రక్షణ ఎవరికీ పట్టని గోడగా మారిందని నేనంటాను.

2017లో ఈ బిల్లుకు ఒక మనిషి ముఖం వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథాలో మన హైదరాబాదీ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆయన కొలువు మీదే ఆధారపడ్డ వీసాతో ఉన్న భార్య సునయన దుమాలకు, భర్తతోపాటే ఆ దేశంలో నిలిచే హక్కూ పోయింది. ఆ ప్రాంతపు ప్రతినిధి కెవిన్ యోడర్ ఆమె ఉండిపోవడానికి సాయపడ్డాడు. 2018 జనవరి 30న అధ్యక్షుడి ప్రసంగానికి ఆమెను తన అతిథిగా సభకు తీసుకెళ్లాడు. అప్పటి బిల్లు హెచ్.ఆర్. 392ను భుజాన వేసుకున్నదీ ఆయనే. విడిగా నెగ్గదని తెలిసి, ఆ ఏడాది జులైలో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఖర్చుల బిల్లుకు దాన్ని కమిటీలో సవరణగా తగిలించాడు. తప్పనిసరిగా నెగ్గాల్సిన పెద్ద బిల్లుకు వేరే సంగతిని ఇట్లా అంటగట్టడాన్ని రైడర్ అంటారు. కమిటీలో మూజువాణితో నెగ్గింది, చివరి పాఠంలో మాత్రం మిగల్లేదు. నవంబరు ఎన్నికల్లో యోడర్ ఓడిపోయాడు.

హెచ్.ఆర్. 1044 పోయాక వచ్చిన జన్మ ఈగిల్ యాక్ట్, హెచ్.ఆర్. 3648. 2022 డిసెంబరులో హౌస్‌లో ఓటింగ్ దాకా వచ్చింది, వైట్‌హౌస్ మద్దతు కూడా పలికింది. చివరి గడియలో ఓటు వెనక్కి తీసుకున్నారు, తలలు లెక్కపెడితే సరిపోలేదు. ఆ లెక్కపెట్టేవాడే విప్. మన దగ్గర విప్ అంటే భయం. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ ధిక్కరిస్తే పదవే పోవచ్చు. ఎమ్మెల్యే పార్టీ మారితే అనర్హత వేటు, విలీనం, స్పీకర్ నిర్ణయం అని మన వర్ధన్నపేట హోటళ్లలో టీ తాగేవాళ్లు కూడా వాదిస్తారు. అమెరికాలో విప్‌కు ఆ అధికారం లేదు. బతిమాలతాడు, బుజ్జగిస్తాడు, కమిటీలో చోటు చూపిస్తాడు. సభ్యుడు కాదంటే ఏం చేయలేడు. అందుకే అక్కడ ఒక పార్టీకి మెజారిటీ ఉందన్న మాట బిల్లు నెగ్గుతుందన్న హామీ కాదు. స్పీకర్ కూడా అక్కడ తటస్థుడు కాదు, మెజారిటీ పార్టీ నాయకుడే. అయినా 2023 అక్టోబరు 3న సొంత పార్టీలో ఎనిమిది మంది తిరగబడితే స్పీకర్ కెవిన్ మెకార్తీ 216-210తో దిగిపోయాడు. వాళ్ల చరిత్రలో అదే మొదటిసారి.

అరవై ఓట్ల గోడకు ఒక దొడ్డిదారి ఉంది, రికన్సిలియేషన్. పన్నులు, ఖర్చుల సంగతులైతే 51 ఓట్లతోనే సెనేట్ దాటవచ్చు. డబ్బుతో సంబంధం లేనివి అందులో దూర్చకూడదు. దూర్చారా లేదా చూసేది పార్లమెంటేరియన్ అనే అధికారి, ఆ నియమం పేరు బర్డ్ రూల్. 2021లో వలసదారులకు పత్రాలిచ్చే ప్రతిపాదనలు ఇట్లా దూర్చబోతే పార్లమెంటేరియన్ మూడుసార్లు కాదంది. 2025లో ఇదే దారిలో వచ్చిన పెద్ద బిల్లు మన ఇళ్లను నేరుగా తాకింది. విదేశాలకు పంపే డబ్బు మీద పన్ను. కమిటీలో 5 శాతం అన్నారు. మే 22న హౌస్ 215-214తో దాటించేసరికి అది 3.5 అయింది. సెనేట్‌కు వెళ్లాక 1 శాతానికి దిగింది, అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కుల మీదే. బ్యాంకు ఖాతా నుంచి పంపేవాళ్లకు లేదు. జులై 1న సెనేట్‌లో 50-50 అయితే ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ తన ఓటు వేసి గట్టెక్కించాడు. సెనేట్‌కు అధ్యక్షత ఆయనదే, సమానమైతేనే ఓటు. ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. హౌస్ 3న సెనేట్ పాఠాన్నే యథాతథంగా ఒప్పుకుంది, 4న సంతకం అయింది. మే నెలలో 5 శాతం పోతుందని భయపడి, పొలం కొనడానికి దాచిన డబ్బు హడావిడిగా పంపించిన పిల్లలున్నారు. మార్కప్‌లో చెప్పిన అంకె చివరి అంకె కాదని ఎవరైనా చెప్పి ఉంటే నిదానంగా పంపేవాళ్లు.

సంతకం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. బిల్లు చేరాక అధ్యక్షుడికి ఆదివారాలు పోను పది రోజుల గడువు. సంతకం పెట్టవచ్చు, వీటో చేసి తిప్పి పంపవచ్చు. రెండు సభలూ మూడింట రెండు వంతులతో వీటోను కొట్టేయవచ్చు. ఏమీ చేయకపోతే పది రోజులకు దానంతటదే చట్టమవుతుంది. ఆ లోపల సభ వాయిదా పడి ఇంటికి పోతే మాత్రం చట్టం కాదు, దాన్ని పాకెట్ వీటో అంటారు. మన రాష్ట్రపతికి ఇట్లా గడువు రాసి లేదు. 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులు 2025 మార్చిలో మన శాసనసభ దాటి రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి ఆగిన సంగతి మీకు తెలుసు.

అధ్యక్షుడు ఒంటరిగా పెట్టే సంతకాలు వేరే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు అన్నది బిల్లు కాదు, ప్రొక్లమేషన్. ఏ సభా ఓటు వేయలేదు. ఉన్న చట్టం ఇచ్చిన అధికారంతో చేశానంటాడు కాబట్టి దాన్ని కోర్టులో నిలదీయవచ్చు, తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయవచ్చు. ఏడాదికి 65,000 హెచ్1బీలు, అక్కడి మాస్టర్స్ వాళ్లకు అదనంగా 20,000 అన్న లెక్కను మాత్రం ఆయన పెంచలేడు, అది చట్టంలో ఉంది.

ఆ ఏడాదే అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు షట్‌డౌన్ నడిచింది, అంటే ఖర్చులకు చట్టసభ అనుమతి లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడం. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలు. అప్పటికి ఖర్చుల బిల్లులు కాకపోతే, మన ఓటాన్ అకౌంట్ లాంటి కంటిన్యూయింగ్ రిజల్యూషన్ అయినా నెగ్గాలి. హౌస్‌లో నెగ్గింది, సెనేట్‌లో 60 దొరకలేదు. దాంతో కార్మిక శాఖలో హెచ్1బీకి ముందు కావలసిన ఎల్‌సీఏ పని అక్టోబరులో ఆగిపోయింది. కంపెనీ మారదామనుకున్న పిల్లలు అట్లాగే నిలబడిపోయారు.

ఇన్ని అడ్డంకులు విన్నాక అక్కడ ఏ మంచీ జరగదని అనుకోకండి. 2000 అక్టోబరు 3న ఎస్. 2045 అనే బిల్లు సెనేట్‌లో 96-1తో నెగ్గింది. అదే రోజు హౌస్‌లో మూజువాణి ఓటుతో అయిపోయింది. హాజరైన వాళ్లలో అయిదో వంతు మంది పేరుపేరునా ఓటు కావాలంటే లెక్కపెట్టి తీరాలని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు. 17న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకం. హెచ్1బీలు మూడేళ్లపాటు ఏడాదికి 1,95,000కు పెరిగాయి. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని విమానమెక్కిన మన తొలి తరం పిల్లల్లో ఎందరో ఆ సంఖ్యలోంచి వెళ్లినవాళ్లే. గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవాళ్లు హెచ్1బీకి ఉన్న ఆరేళ్ల గడువు దాటాక కూడా వీసా పొడిగించుకోవచ్చన్నదీ ఆ చట్టమే. ఇవాళ పదిహేనేళ్లుగా వరుసలో ఉంటూనే ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతూ నిలదొక్కుకున్నారంటే దాని పుణ్యమే. పెద్ద పెద్ద మెజారిటీలు వచ్చినా 365 ఓట్ల బిల్లు పోయింది. ఈ చట్టం ఒక్క రోజులో రెండు సభలూ దాటింది. రెండు సభల నాయకులూ ఒకే పాఠం మీద ఒకే రోజు కుదరడమే దీనికి కలిసొచ్చింది.

మనవాళ్లు ఆ సభల్లోకి వెళ్లడం కూడా మొదలైంది, ముందుగా రాష్ట్రాల్లో. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల 2002 నుంచి న్యూజెర్సీ అసెంబ్లీలో పన్నెండేళ్లకు పైగా కూర్చున్నారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్, కాట్రగడ్డ వారి ఆడపడుచు, మేరీల్యాండ్ డెలిగేట్‌గా చేసి 2023లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అక్కడ ఆ పదవిలో ఉన్నవాళ్లే రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షులు, ఓట్లు సమానమైతే తీర్పు వాళ్లదే. వీసాలు మాత్రం రాష్ట్రాల చేతిలో లేవు, అది వాషింగ్టన్ పనే.

ఇక మీ పిల్లలకు చెప్పవలసింది ఒకటుంది. ఓటు లేకపోయినా వాళ్లుండే ఊరికీ ఒక ప్రతినిధి ఉంటాడు, రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లుంటారు. ప్రతి ఒక్కరికీ స్థానికంగా ఆఫీసు, ఫోను ఎత్తే సిబ్బంది ఉంటారు. దరఖాస్తు ఏళ్ల తరబడి కదలకపోయినా, తండ్రి పోయి అత్యవసరంగా ఇంటికి రావలసి వచ్చి కాగితం చిక్కుకున్నా, ఆ ఆఫీసు సంబంధిత శాఖకు రాసి అడుగుతుంది. కేస్‌వర్క్ అంటారు. యోడర్ ఆఫీసు సునయనకు చేసినది అట్లాంటి పనే. ముందుగా ప్రైవసీ రిలీజ్ ఫారం అని ఒక కాగితం ఇస్తారు. మీ అబ్బాయి తన కేసు రసీదు నంబరు రాసి, సంతకం తానే పెట్టాలి, తన తరఫున తండ్రి పెడితే చెల్లదు.